ఎర్ర టేపు సీసా

గుమ్మంలో చెప్పులు విడుస్తూ లోపలికి చూసిన రఘుపతికి పై ప్రాణాలు పైనే పోయాయి.

గది మధ్యలో నలుగురు పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. అందరి ముందూ స్టీలు గ్లాసులు. గ్లాసుల్లో నురగ, నురగ మీద తేలుతున్న వెనిలా ఐస్‌క్రీం. వాళ్ల నడుమ ఒక పచ్చ సీసా. దాని మెడకు ఎర్ర టేపు చుట్టి ఉంది. లోపల అడుగున నాలుగు చుక్కలు మిగిలాయేమో, అంతే.

ఆ టేపు చుట్టింది రఘుపతే. అది తాను నడిపే సాంచాల, అంటే మరమగ్గాల, తుప్పు వదిలించే యాసిడ్ అనీ, చుక్క పడితే తోలు ఊడివస్తుందనీ ఇంటిల్లిపాదికీ, పక్కగదివాళ్లకూ చెప్పింది కూడా అతనే. రెండు నెలలుగా అది బియ్యం డబ్బా వెనకే ఉంది. ఊడ్చేటప్పుడు భార్య ప్రమీల చీపురును కూడా అటు పోనిచ్చేది కాదు.

పిల్లల తప్పేం లేదు. పోయిన ఆదివారం సముద్రం ఒడ్డున ఉన్న డుమస్‌కు తీసుకెళ్తే అక్కడి బండి మీద ఐస్‌క్రీం సోడా చూశారు. తన పిల్లలిద్దరికీ కలిపి ఒక్క గ్లాసు కొనిస్తే నాలుగేళ్ల ప్రణయ్ అడుగుదాకా నాకి, ఇంకోటి కావాలని ఇసుకలో పొర్లి ఏడ్చాడు. ఇంట్లో చేసిపెడతానని తల్లి మాటిచ్చింది. అసలు మహారాష్ట్రలోని భివండి మగ్గాల్లో కూలి ఎక్కువ దొరికినా, కాదు సూరత్‌కే పోదామని రెండేళ్ల కింద అన్నం మానేసి మరీ పట్టుబట్టింది ప్రమీల. ఎందుకని అడిగినవాళ్లకు, పిల్లలకు సముద్రం దగ్గరని చెప్పింది. సూరత్ శివారు భేస్తాన్‌లో మే నెల ఎండకు రేకుల గది పెనంలా కాలుతుంటే ఇవాళ ఐస్‌క్రీం, సోడా తెప్పించి, పక్కగది నర్సవ్వ మనవళ్లిద్దరినీ కూడా పిలిచింది.

"గీ సీస ఎవలు తీసిన్రు?" రఘుపతి ఎర్ర టేపు వైపు వేలు చూపించాడు.

ఏడేళ్ల సంతోషి ముందు తల్లి వైపు చూసింది. "సోడ సాలలే బాపూ. గిది కూడ కలిపినం."

"తాగిన్రా?"

"అందరం తాగినం. ప్రణయ్ గాడు రెండు గ్లాసులు తాగిండు."

రఘుపతి కింద కూలబడి కొడుకును ఒడిలోకి లాక్కున్నాడు. నోరు తెరిపించి వాసన చూశాడు. వెనిలా తప్ప ఇంకేం తెలియలేదు. కడుపులో మండుతోందా, తల తిరుగుతోందా, నిద్ర వస్తోందా అని అందరినీ అడిగాడు. ఇదేదో కొత్త ఆట అనుకుని పిల్లలు కిసుక్కున నవ్వారు. ఇంతలో ప్రణయ్ నోరంతా తెరిచి ఆవలించాడు. రఘుపతి వాడి బుగ్గలు తట్టి, నిద్రపోవద్దన్నాడు.

గోడ వారన ప్రమీల చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది. రేపు పొద్దున్నే సేటు మనిషి వచ్చి చీరలు తీసుకెళ్తాడు. ఏమైందని తల ఎత్తకుండానే అడిగింది. ఆమె చేతిలో కత్తెర ఆగలేదు.

"ఏమైందంటవేందే? సీస కాళీ అయింది, కనవడ్తలేదా?"

ఆ కేకకు పక్కగదిలోంచి నర్సవ్వ పరుగున వచ్చింది. ఎర్ర టేపు చూసింది, మనవళ్లను చూసింది, గుండెలు బాదుకుంది. యాసిడ్ తాగిన పిల్లలను ముందేసుకుని కూర్చున్నావేందని తిట్టింది. ఆటో పిలవమంది, దవాఖానకు నడవమంది.

రఘుపతి లేవలేదు. దవాఖానలో ముందు ఏం తాగారని అడుగుతారు. సీసా తెమ్మంటారు. తర్వాత ఠాణాకు ఫోన్ చేస్తారు. ఇవన్నీ ఒక్క క్షణంలో అతని తలలో తిరిగాయి. బిడ్డ ఒడిలో ఉండగా ఠాణా గుర్తొచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నీ పిలగాండ్లను నువ్వేమన్న చేస్కో కొడుకా. నా మనుమలను నాకియ్యి," అంది నర్సవ్వ.

ఆ మాటతో అతను లేచాడు. ప్రణయ్‌ను భుజాన వేసుకుని సంతోషి చేయి పట్టుకున్నాడు. "పద అవ్వా. ఏమైతే గదైతది. డాక్టరుకు ఉన్నదున్నట్టు నేనే చెప్త."

అప్పుడు కత్తెర ఆగింది.

అతను అది గమనించే స్థితిలో లేడు. వంగి సీసా అందుకున్నాడు. ఎంత ఘాటుదో, అందులో నీళ్లేమైనా కలిశాయో తెలిస్తే డాక్టరుకు చెప్పొచ్చనుకున్నాడు. సీసా వంచి, మిగిలిన చుక్కలు నాలుక మీద వేసుకున్నాడు. నర్సవ్వ కెవ్వుమంది.

తియ్యగా ఉంది. కొంచెం ఉప్పు, కొంచెం పులుపు. నమ్మలేక సీసా మళ్లీ వంచాడు. ఉత్త నిమ్మసోడా.

రఘుపతి గోడకు జారగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, యాసిడ్ ఎప్పుడో అయిపోయిందనీ, తానే మరిచిపోయాననీ నర్సవ్వతో నోటికొచ్చింది చెప్పాడు. ఉత్త పుణ్యానికి తన ప్రాణం తీశావని శాపనార్థాలు పెడుతూ ఆమె మనవళ్లను తీసుకుని వెళ్లిపోయింది. పిల్లలిద్దరూ మిగిలిన ఐస్‌క్రీం మీద పడ్డారు. రఘుపతి మాత్రం ఖాళీ సీసాను చేతిలో తిప్పి తిప్పి చూస్తున్నాడు. చూసి చూసి, నెమ్మదిగా భార్య వైపు తల తిప్పాడు.

"యాసిడ్‌ను ఎవలన్న నాలిక మీద ఏసుకుంటరా," అంది ప్రమీల కత్తెర పక్కన పెడుతూ, "సర్కారే మందు తాగుడు బందువెట్టిన ఊరని నిన్ను సూరత్‌కు తోల్కొస్తె, నువ్వు డబ్బ ఎనక దాసుకున్నదంత పొద్దుగాల్నే మోరీల పారబోసి, ఆ సీసల నిమ్మసోడ నింపింది నేనే."