వెతకని గడియారం

కిష్టప్ప సంవత్సరీకం అయిన మర్నాడే, చేతి గడియారం పోయిందని ఆయన భార్య సుమిత్రమ్మ కూతురు రచనకు ఫోన్ చేసి చెప్పింది. అడుగులు లెక్కపెట్టే గడియారమది. పట్టీ ఆమెకు మొదటి నుంచీ వదులే. చెప్పులు కుట్టే అతనితో ఇంకో రంధ్రం పొడిపించుకున్నా జారుతూనే ఉండేది.

ఆదివారం పొద్దున్నే రచన వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగింది. వికారాబాద్ బడిలో ఆమె టీచరు. ఇక్కడ తల్లి వేసే ప్రతి అడుగూ అక్కడ ఆమె ఫోన్‌లో కనిపించేది. లేవగానే అది చూసుకుంటేనే ఆమెకు తెల్లవారినట్టుండేది. ఇప్పుడు ఫోన్‌లో ఏ కదలికా లేదు.

సుమిత్రమ్మ రోజూ నడిచే దారిన ఇద్దరూ గడియారం కోసం బయల్దేరారు. పొరుగింటి జమాలున్నీసా గేటు దగ్గరే ఆపింది. పోతే పోయింది, కొత్తది కొనుక్కోమంది. తనకు అదే కావాలంది రచన.

"మీ అమ్మ ఏడాది సంది రైలు లెక్క ఉరికింది బిడ్డా. గిప్పుడు బస్సయింది. చెయ్యెత్తితే ఆగుతది," అంది జమాలున్నీసా.

రచన నవ్వలేదు. నాపరాళ్ల దొంతరల మధ్య వంగి చూస్తూ, తెల్లటి రాతిపొడిని కాలితో కెలుకుతూ నడిచింది. సుమిత్రమ్మ మాత్రం ఎదురొచ్చిన వాళ్లందరినీ పలకరిస్తూ పోతోంది.

"నువ్వు ఎతుకుతనే లేవమ్మా."

"దొరికితే మల్ల పెట్టుకోవాలె గద."

రచన ఆగిపోయింది. సుమిత్రమ్మ ఒక దొంతర మీద కూర్చుని, జ్వరమొచ్చిన నాడు కూడా నడిచానని, మోకాళ్లు వాచినప్పుడు ఇంట్లోనే గోడ పట్టుకుని తిరిగానని మెల్లగా చెప్పింది.

"ఒక్కనాడు ఆగినా నువ్వు పరేషాన్ అయితవని నడిచిన. ఇగ నాతోని కాదు బిడ్డా. అది పోలేదు. నేనే తీసి పెట్టెల పెట్టిన."

రచన పక్కన కూర్చుని, తల్లి మణికట్టు మీద పట్టీ ఒరుసుకున్న చోట వేలితో రాసింది.

తిరిగి వస్తూ జమాలున్నీసా ఇంట్లో చాయ్ తాగారు. ఇకనుంచి ప్రతి ఆదివారం వచ్చి తనూ నడుస్తానంది రచన.

"మెల్లగ నడవాలె మరి," అంది సుమిత్రమ్మ.

సాయంత్రం రైల్లో రచన ఫోన్ తీసి, రోజూ పొద్దున చూసుకునే ఆ అడుగుల లెక్క తెరిచింది.

ఆ గడియారం తండ్రి చేతికున్నప్పుడు దానికి పెట్టిన ‘నాన్న’ అన్న పేరును ఆమె ఇంకా తీసేయలేదు.