పట్టీ పచ్చబడేదాకా

గుండె దడ తగ్గేదాకా ఈ స్మార్ట్ ఇల్లు ఎవరినీ సొంత పని చేసుకోనివ్వదు, తెర ఆర్పేస్తుంది. ఆఫీసు పనికి మాత్రం ఆ అడ్డు లేదు. దడను కొలిచే ఇందుమతి మణికట్టు పట్టీ ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. భర్త వామన్ ఉద్యోగం పోయినప్పటి నుంచి మరీను. అందుకే మధ్యాహ్నం అతను పడుకోగానే తన పట్టీ అతని చేతికి కట్టి, అది పచ్చబడగానే తెర మీద తన బొమ్మల కథ గీసుకునేది. ఈ మనిషికి నిద్రెలా పడుతుందో అని లోపల మండిపోయేది కూడా.

ఇవాళ చివరి బొమ్మ మొదలుపెట్టగానే తెర ఆరిపోయింది. విసురుగా గదిలోకి వెళ్లింది. వామన్ కళ్లు మూసుకుని కదలకుండా పడుకునే ఉన్నాడు. పట్టీ ఎర్రగా ఉంది.

"పీడకలేమైనా వచ్చిందా అండీ?"

"నిద్రపోతే కదా! రోజూ నీ కోసం ఊపిరి నిదానంగా తీసుకుంటూ పడుకుంటున్నాను. ఇవాళెందుకో కుదరట్లేదు ఇందూ. నువ్వెళ్లి కూర్చో, మళ్లీ చూస్తాను."

ఆమె వెళ్లలేదు. పక్కనే కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. కాసేపటికి గురక వినిపించింది. పట్టీ పచ్చబడింది. తెర వెలిగిందని ఇల్లు పిలిచింది.

కదిలితే లేస్తాడేమోనని ఆమె కదల్లేదు. రెండో చేతి వేలు మాత్రం దుప్పటి మీద చివరి బొమ్మ గీస్తూనే ఉంది.