మగవాళ్ళ రోజు

"అమ్మా, ఆగండి! ఇవాళ మగవాళ్ళ రోజు! పైగా ఆ బూట్లేమిటి, నా నేలంతా పాడైపోతోంది!"

స్నానశాల కాపలాదారు అరుస్తూ వెంటపడ్డా ఎనికో ఆగలేదు. మంచు అంటిన బూట్లతో, పొడుగాటి కోటుతో నేరుగా ఆవిరిలోకి నడిచి వచ్చేసింది. నడుముకు చుట్టుకున్న తెల్లగుడ్డ తప్ప ఒంటిమీద ఏమీలేని ముసలాళ్ళంతా గబుక్కున మెడదాకా నీళ్ళలోకి జారారు. గాస్పార్ ఒక్కడే కదల్లేదు. ఆమె తన కోసమే వచ్చిందని అతనికి తెలుసు.

"బాబాయ్, లే. బయట టాక్సీ ఆపి ఉంచాను" అంది ఎనికో, కొలను అంచున మోకాళ్ళమీద కూలబడుతూ. "నాన్న ఈ పూట దాటడం కష్టమన్నారు డాక్టర్లు. నీ కోసమే ప్రాణం నిలుపుకుని ఉన్నాడు."

"బుడాపెస్ట్ మొత్తంలో మీ నాన్నకి నేనే దొరికానా?"

"నీతో ఒక్క మాట చెప్పాలట."

"ముప్పై ఐదేళ్ళ కిందట చెప్పాడుగా ఒక మాట, పోలీసులకి. అది చాలు."

"నేను చెప్పలేదనే అంటున్నాడు బాబాయ్, ఇవాళ్టికీ."

"అయితే ఎవరు చెప్పారో అడుగు!"

ఆ కేక రాతి గుమ్మటానికి తగిలి తిరిగొచ్చింది. నీళ్ళలో తేలే బల్లమీద చదరంగం ఆడుతున్న ఇద్దరు తలలెత్తి చూశారు. కాపలాదారు ఎనికో భుజం పట్టుకుని లేవదీశాడు. ఆమె పెనుగులాడలేదు.

"తలుపు దగ్గర ఉంటాను. మనసు మారితే రా" అని వెళ్ళిపోయింది.

గాస్పార్ గంధకం వాసన కొట్టే నీళ్ళని దోసిట్లో తీసి మొహాన కొట్టుకున్నాడు. పక్కమెట్టు మీద కూర్చున్న బట్టతల పెద్దాయన కాస్త దగ్గరికి జరిగాడు. ఈ చలికాలంలోనే కనిపిస్తున్న మనిషి. పేర్లు అడిగి తెలుసుకునే అలవాటు ఆ నీళ్ళలో ఎవరికీ లేదు.

"చుట్టమా?" అన్నాడు పెద్దాయన.

"స్నేహితుడి కూతురు. ఒకప్పటి స్నేహితుడు, బాలింట్ అని."

"ఏం చేశాడేమిటి?"

ఎవరితోనూ ఎత్తని సంగతి. మొహమైనా సరిగా కనపడని ఆవిరిలో, ముక్కూమొహం తెలియనివాడితో చెప్పడం ఎందుకో సులువనిపించింది గాస్పార్‌కి.

"సరిహద్దు దాటి యుగోస్లావియా వెళ్ళిపోదామనుకున్నాం, నేనూ ఇరేనూ. అప్పటికింకా మాకు పెళ్ళి కాలేదు. ఆ కమ్యూనిస్టు రోజుల్లో అలాంటి ఆలోచన వస్తేనే జైలు, మీకు తెలియనిదేముంది. ఇంట్లో మాట్లాడాలంటే భయం, కాఫీ హోటల్లో భయం. ఏ రోజు, ఏ రైలు, అన్నీ ఇక్కడే ఈ కొలనులో కూర్చుని బాలింట్‌కి చెప్పాను. వాడొక్కడికే. మా అమ్మకి కూడా చెప్పలేదు. తీరా స్టేషన్లో రైలెక్కబోతుంటే ఇద్దరొచ్చి చెరో చెయ్యీ పట్టుకున్నారు."

"ఆ అమ్మాయి ఎవరితోనైనా అని ఉండొచ్చుగా?"

"ఇరేనా?" గాస్పార్ చేదుగా నవ్వాడు. "దాన్నీ లోపలేశారు. దగ్గుతూ బయటికొచ్చింది. మళ్ళీ చలికాలం చూడలేదు. అలాంటిది తన గోతిని తనే తవ్వుకుంటుందా?"

పెద్దాయన అరచేత్తో నీళ్ళమీద నెమ్మదిగా రాస్తున్నాడు.

"వాడు మాత్రం హాయిగా ఉద్యోగం చేసుకున్నాడు, పెళ్ళాడాడు, కూతుర్ని కన్నాడు. నేను జైలు నుంచి వచ్చిన రోజున వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు. మొహాన ఉమ్మేశాను. తుడుచుకుని, నేను కాదురా అన్నాడు. ఏటా నా పుట్టినరోజుకి ఒక సీసా ద్రాక్షసారా పంపేవాడు. ఏటా మురిక్కాలవలో పోసేవాణ్ణి."

తలుపు సందులోంచి ఎనికో కోటు అంచు కనపడుతోంది. ఇంకా నిలబడే ఉంది. గాస్పార్ చాలాసేపు అటే చూశాడు.

"చచ్చేముందు మనిషి అబద్ధమాడతాడంటారా?" అన్నాడు చివరికి.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఏదో చెప్పబోయినట్టే ఉన్నాడు గానీ చెప్పలేదు.

"వెళ్ళమంటారా? పోనీ, ఒక్కసారి చూసొచ్చెయ్యనా?"

"మీ ఇష్టమండీ. చెప్పడానికి నేనెవర్ని?"

గాస్పార్ ఇత్తడి కడ్డీ పట్టుకుని ఒక మెట్టు ఎక్కాడు. అక్కడే ఆగాడు. ఇరేన్ దగ్గు చెవిలో వినపడింది కాబోలు, మళ్ళీ నీళ్ళలోకి దిగి కూర్చున్నాడు.

అప్పుడే తలుపు అవతల ఫోను మోగింది. "ఆఁ... ఆఁ..." అంది ఎనికో. ఈసారి ఆమె లోపలికి రాలేదు. అక్కణ్ణుంచే, అరవకుండా, అందరికీ వినపడేలా అంది.

"ఇక తొందరేం లేదు బాబాయ్. నీ స్నానం కానివ్వు."

బూట్ల చప్పుడు దూరమైపోయింది. కాపలాదారు తుడుపుగుడ్డ తెచ్చి ఆమె నిలబడ్డ చోట నేల తుడిచాడు. చదరంగం బల్ల దగ్గర ఎవరో పావు కదిపారు.

"చూశారా?" అన్నాడు గాస్పార్, పెద్దాయన వైపు తిరిగి. "పోయేదాకా ఒప్పుకోలేదు. ఆఖరి క్షణం దాకా నేను కాదనే అన్నాడు."

పెద్దాయన కడ్డీ ఆసరాతో పైకెక్కాడు. ఒంటినుంచి నీళ్ళు కారుతుండగా నడుముకున్న గుడ్డ బిగించి కట్టుకున్నాడు.

"పాపం, అతను చెప్పలేదండీ" అన్నాడు, తిరిగి చూడకుండా. "ఆ రోజు మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే, మీ వెనక మెట్టు మీద కూర్చుని విన్నవాణ్ణి నేను."