తాతయ్యకి వీడ్కోలు

"డాక్టరు వచ్చే వేళయింది. పైకెళ్లి ఆ కుక్కని ఆఖరిసారి చూసొద్దాం, పద," అన్నారు బాబాయిగారు.

పిన్నిగారు స్టవ్ ఆపి చేతులు తుడుచుకుంది. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లంతా ఇంటిగలవాళ్లిద్దరినీ పిన్నిగారు, బాబాయిగారు అనే పిలుస్తారు.

"ఇంకో నెల చూద్దామండీ."

"మూడేళ్లుగా ఇదే మాట! ఇవాళో రేపో పోతుందంటేనే కదా నేనొప్పుకున్నది. దాని అవస్థ నేను చూడలేను."

చూడలేననడం మాటవరసకే. ఆయన రెండు కళ్లకీ పొరలు కమ్మి ఏళ్లయింది. నల్లదేదో తెల్లదేదో తెలుస్తుంది, అంతకుమించి మసకే. ఆపరేషను మాటెత్తినప్పుడల్లా పిన్నిగారికి ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఓసారి ఎండలంది. ఓసారి వానలంది. ఓసారి గదులకి సున్నాలంది. ఈసారి ఆయన ఆవిడతో చెప్పకుండా తనే ఆసుపత్రికి ఫోన్ చేసి, సోమవారానికి ఖాయం చేసుకున్నారు.

"కట్టు విప్పగానే నేను మొట్టమొదట చూడాల్సింది చావబోయే కుక్కనా?" అన్నారు. ఆ వెంటనే పశువుల డాక్టరుకీ కబురెళ్లింది.

కుక్క ఉండేది పైవాటాలో. నాటకాల కంపెనీలో మేకప్ చేసే కుర్రాడు దాన్ని లారీ షెడ్డు వెనకనుంచి ఎత్తుకొచ్చాడు. అప్పటికి దాని కాలు విరిగి ఉంది. ఇంట్లో కుక్కలు ఉండకూడదన్నది బాబాయిగారి మొదటి షరతు.

"పద్నాలుగేళ్ల ముసలిది బాబాయిగారూ, నాలుగు రోజులు నీడపట్టున ఉండి కన్నుమూస్తుంది," అని కుర్రాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఆయన కరిగారు. అయినా పూర్తిగా కరగలేదు. "అది పోయేదాకానే. ఆ తర్వాత ఈ ఇంట్లో కుక్కతోక కనిపించినా నీ సామాను వీధిలో ఉంటుంది," అన్నారు.

అన్నారంటే చేస్తారు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. తక్కువ తూకం రాయిని చేత్తో పట్టుకుని చెప్పేసేవారు. మోసం తన గుమ్మం తొక్కలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కుక్కకి తాతయ్య అని పేరు పెట్టిందీ ఆయనే. ఎప్పుడైనా పైకెళ్లినా గుమ్మం దగ్గరే నిలబడి, "ఎలా ఉన్నావురా తాతయ్యా?" అని పలకరించి దిగిపోయేవారు. పొద్దున్నే పైన దబదబమని పరుగులు వినిపిస్తే, మేకప్ కుర్రాడు కసరత్తు చేస్తున్నాడని పిన్నిగారు చెప్పేది.

ఇద్దరూ మెట్లెక్కారు.

తాతయ్య మూలన దుప్పటి మీద పడి ఉంది. మూతి తెల్లన. కనుబొమలు తెల్లన. తల ఎత్తలేదు. పక్కన కూర్చున్న కుర్రాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

బాబాయిగారు గొంతు సవరించుకున్నారు.

"ఒరే తాతయ్యా! ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గొంతెత్తలేదురా నువ్వు. అద్దెకున్నవాళ్లలో నీ అంత పద్ధతైనవాణ్ణి నేను చూడలేదు. సుఖంగా వెళ్లిరా."

పిన్నిగారు సంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసింది. ఆ చప్పుడుకి తాతయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. కుర్రాడు దగ్గాడు. చెవులు వాలిపోయాయి. ఆవిడ ప్యాకెట్‌ని మళ్లీ సంచిలో పెట్టేసి, కింద కూర్చుని, దాని తలా మూతీ నిమిరింది. తర్వాత రుమాలు తీసుకుంది.

"ఏడవకోయ్," అన్నారు బాబాయిగారు, తన కళ్లే ఒత్తుకుంటూ.

డాక్టరు వచ్చాడు. పిన్నిగారి తమ్ముడి కొడుకే. ఈ ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు. పెట్టె తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, కుక్క పెదవి పైకెత్తబోయాడు.

"పళ్లు చూడకురా," అంది పిన్నిగారు. "పెద్దవయసువాళ్ల నోరు అలా తెరిపిస్తారా ఎవరైనా?"

"వయసు తెలియాలి కదా అత్తయ్యా."

"నీకెందుకురా దాని వయసు? పెళ్లిసంబంధం చూస్తున్నావా?"

డాక్టరు స్టెతస్కోపు పెట్టాడు. విన్నాడు. మళ్లీ విన్నాడు. తలెత్తి అత్తయ్యవైపు చూశాడు. చిన్నప్పుడు మావయ్య కంటపడకుండా వాడి మార్కుల కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు ఆవిడ ఎలా చూసేదో, ఇప్పుడూ అలాగే చూసింది.

వాడు స్టెతస్కోపు మడిచి పెట్టెలో పెట్టేశాడు.

"ఇంజెక్షను అక్కర్లేదు మావయ్యా. దానంతటదే పోతుంది."

"ఎప్పుడు?"

"చెప్పలేం. ఎవరమైనా ఎప్పుడో అప్పుడు పోయేవాళ్లమే కదా."

"ఇది డాక్టరు మాట్లాడే మాటేనట్రా? కాషాయం కట్టుకో, సరిపోతుంది!" అని బాబాయిగారు విసుక్కున్నారు. కానీ ఆయన భుజాలు తేలికపడ్డట్టు కనిపించాయి. "సరే. మాటంటే మాట. అది పోయేదాకానే."

మేనల్లుడి చెయ్యి పట్టుకుని, కాలితో మెట్టు తడుముకుంటూ దిగసాగారు. కుర్రాడు గోడకి చేరబడి ఊపిరి వదిలాడు.

మెట్ల మీద చప్పుడు ఆగేదాకా పిన్నిగారు గుమ్మంలోనే నిలబడి, తర్వాత రుమాలుకంటిన తెల్లరంగు కుర్రాడికి చూపించి మెల్లగా అంది: "సోమవారం నుంచి ఆయనకి కళ్లు బాగా కనిపిస్తాయి బాబూ, ఇంత పడుచు కుక్కని ముసలిదాన్ని చెయ్యడానికి నీ నాసిరకం రంగు ఇక చాలదు."