ఆకుపచ్చ దారం కట్టిన వైరు

కాస్త ఇలా దగ్గరికి జరగండి. ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు.

ఆదివారం మూడయ్యేసరికి కంప్యూటర్ మెకానిక్ ఆ మూడో అంతస్తు మెట్లెక్కుతాడు. రిటైరైన లెక్కల టీచరమ్మ ఒక్కతే ఉండే ఇల్లు. తలుపు ముందే తీసి ఉంటుంది.

"రావయ్యా. మళ్ళీ మొదటికొచ్చింది," అంటుందావిడ.

ఏడు నెలలుగా ఇదే వరస. ఆవిడ ముచ్చటపడి కెమెరా కొనుక్కుంది. పెట్టెలో వచ్చిన వైరు వేరేవాటిలో కలిసిపోకుండా దానికి ఆకుపచ్చ దారం ముడేసుకుంది. మెకానిక్ వచ్చి కంప్యూటర్ అమర్చిన రోజు ఫోటోలు చక్కగానే అందులోకి దిగాయి. వారం తిరక్కుండానే మొండికేసింది. వైరు ఒక కొస కెమెరాకి, రెండో కొస కంప్యూటర్‌కి గుచ్చితే కెమెరాలో దీపమైతే వెలుగుతుంది. కంప్యూటర్‌లో మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మెకానిక్ తన సంచిలోంచి వేరే వైరు తీసి పెడతాడు. ఫోటోలు బిలబిలా వచ్చి పడతాయి. గోడ మీద పిల్లి. వాన వెలిసిన డాబా. మెట్ల మీద ఎవరిదో ఒంటి చెప్పు. ఒక్కోదానికీ ఆవిడ దగ్గర ఒక కథ. అవన్నీ అయ్యేసరికి రెండు కప్పుల టీ అయిపోతుంది, పొద్దు వాలిపోతుంది.

"దీనికి నీ చెయ్యి పడితే గానీ బుద్ధి రాదు. నేనంటే లెక్కే లేదు."

"లెక్కల టీచరుకే లెక్క లేదంటే ఎలాగండీ?"

షాపులో తోటివాళ్ళు ఆట పట్టిస్తారు. "పెద్దావిడకి కావలసింది ఫోటోలు కాదురా, నువ్వు. ఒంటి బతుకైతే అంతే. మనిషి కోసం ఏదో ఒక వంక వెతుక్కుంటారు."

మెకానిక్ నవ్వుతూ సంచి భుజాన వేసుకుంటాడు.

ఈ ఆదివారం ఆవిడ టీ అందిస్తూ అంది. "ఇక చాలయ్యా. నీ ఆదివారాలన్నీ నేనే మింగేస్తున్నాను. రేపు బజారుకెళ్ళి కొత్త వైరు కొనుక్కుంటాను. ఆ పూటైనా నీ ఇంట్లో వాళ్ళతో గడుపు."

మెకానిక్ తాగబోతున్న కప్పు కింద పెట్టేశాడు. ఇంట్లో వాళ్ళంటే అతనికి ఒక మంచం, ఒక గోడ గడియారం.

"ఆ మోకాళ్ళతో మెట్లు దిగుతారా? పైగా మిమ్మల్ని చూస్తే పనికిరాని సరుకే అంటగడతారు. వచ్చే ఆదివారం నేనే తెస్తాను లెండి."

"అదీ పని చెయ్యకపోతే?"

"అప్పుడు చూద్దాం."

ఆవిడ నవ్వి కెమెరా ఎత్తింది. "ఇటు తిరుగు. ఇన్నాళ్ళూ నీ వీపే దొరికింది నాకు."

అతను తిరిగాడు. నవ్వబోయి తల దించుకున్నాడు. సంచి సర్దుకుని నెమ్మదిగా మెట్లు దిగాడు.

ఈ కథ గుర్తుంచుకుని మీరు ఇంకొకరికి చెప్పేటప్పుడు, ఈ ఒక్క ముక్కా నాలాగే చివరికి దాచండి: కంప్యూటర్ అమర్చిన ఆ మొదటి రోజే, ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే, మెకానిక్ ఆకుపచ్చ దారం విప్పి, ఛార్జింగుకి తప్ప ఫోటోలకి పనికిరాని తన పాత వైరుకి ముడేసి, ఆవిడ వైరుని తన సంచిలో వేసుకున్నాడు.