తొమ్మిది వందల తొమ్మిదో ఖైదీ

"ఫిర్యాదులు మూడింతలయ్యాయి. దీన్నిబట్టి మీ ఆఫీసు పనిచేస్తున్నట్టా, చేయనట్టా?" అన్నాడు మదింపు అధికారి.

"పనిచేస్తోంది కాబట్టే పెరిగాయి," అంది ఆ ఆఫీసు పెద్ద. "ఎవరూ పట్టించుకోరని తెలిస్తే ఫిర్యాదు ఎవరు చేస్తారండీ?"

జైళ్లలో అన్యాయం జరిగితే ఖైదీల తరఫున నిలదీయడానికి పెట్టిన ఆఫీసు అది. జైలువాళ్ల మాట వినక్కర్లేదు, ప్రభుత్వం మాటా వినక్కర్లేదు. కానీ ఏడాదికోసారి మదింపు అధికారి వేసే మార్కులకు మాత్రం తల వంచాల్సిందే. ఈసారి మార్కులు తగ్గితే చాలు, మూసేద్దామని పైవాళ్లు కాచుక్కూర్చున్నారు.

మదింపు అధికారిని వెనకాల అందరూ కొలబద్ద అంటారు. పాలు ఎంతసేపట్లో కాగాయో గడియారం చూసి గానీ కాఫీ మెచ్చుకోని మనిషి. ఆమె వాదన ఆయనకు గోడమీది పిల్లిలా కనిపించింది. ఫిర్యాదులు తగ్గితే జైళ్లు బాగుపడ్డాయంటుంది, పెరిగితే నమ్మకం పెరిగిందంటుంది. ఎటు దూకినా మార్కులు ఆమెకే. అలాగని అబద్ధమాడే మనిషిలానూ లేదు. ఎటూ తేల్చుకోలేక, తానే ఒక పరీక్ష పెట్టాలనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో ఫోను అందుకుని నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఖైదీలు భయపడకుండా మాట్లాడాలని, పిలిచినవాళ్ల నంబరు కనిపించకుండా ఆమె ఎప్పుడో చేయించింది. సెలవైనా ఫోను ఆమే ఎత్తింది. తాను పెద్ద జైల్లో ఖైదీననీ, నంబరు తొమ్మిది వందల తొమ్మిదనీ, గదిలో రాత్రంతా లైటు ఆర్పకపోవడంతో కంటిమీద కునుకు లేదనీ గొంతు మార్చి మొరపెట్టుకున్నాడు. ఆ జైల్లో నంబర్లు ఎనిమిది వందలు దాటవని కనుక్కునే ఆ నంబరు చెప్పాడు. పనిచేసే ఆఫీసైతే అలాంటి ఖైదీ లేడని కనిపెడుతుంది. పనిచేయనిదైతే, సమస్య తీరింది, ఖైదీ చాలా సంతోషించాడు అని రాసి చేతులు దులుపుకుంటుంది. పరీక్షంటే అదీ అని తన భుజం తానే తట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పక్కన కుక్కరు కూత వేసింది.

"ఏమిటా శబ్దం?" అంది ఆమె.

"గార్డు విజిలండీ."

"పగలు కూడా కునుకు తీయనివ్వరా? రేపు పొద్దున్నే నేనే వస్తాను నాయనా, ధైర్యంగా ఉండు."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే భార్య గరిటె పట్టుకుని నిలబడి ఉంది. నా వంటిల్లు జైలయితే అయింది, నన్ను గార్డును కూడా చేశారా అంది. ఆ పూట ఆయన కంచం తానే పెట్టుకుని తానే వడ్డించుకున్నాడు.

మర్నాడు ఆమె జైలుకు బయల్దేరుతుంటే, పనితీరు చూస్తానంటూ ఆయనా వెంటపడ్డాడు. జైలరు ఆ వారమే కొత్తగా వచ్చాడు. ఆమె పేరు వింటేనే కాళ్లూ చేతులూ ఆడని రకం. తొమ్మిది వందల తొమ్మిదిని చూడాలి అనేసరికి, అలాంటివాడు లేడంటే దాచేశాడనుకుంటుందేమోనని హడలిపోయి, వాడు ఆస్పత్రిలో ఉన్నాడన్నాడు.

ఆస్పత్రికి వెళ్లారు. లేడు. తిరిగొచ్చి నిలదీస్తే, కోర్టుకు తీసుకెళ్లారన్నాడు. కోర్టులో గదిగదీ వెతికారు. అక్కడా లేడు. కొలబద్ద ఆయాసపడుతూ ఆమె వెనకాలే తిరిగాడు. జైలరు మాట నమ్మకుండా కళ్లతో చూడాలనుకుంది, కొన్ని మార్కులు. మధ్యాహ్నం తిండి మానేసింది, ఇంకొన్ని. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు గానీ, ఎంతదాకా వెళ్తుందో చూద్దామన్న సరదా మళ్లీ మూయించింది.

కోర్టు మెట్ల మీద ఆమె కూలబడింది.

"నిద్ర పట్టట్లేదని నాతో చెప్పాడండీ. చెప్పినందుకే వాణ్ణి ఏమైనా చేశారేమో," అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కొలబద్ద సరదా అక్కడితో చచ్చింది. ఇప్పుడు చెబితే మొహం ఎక్కడ పెట్టుకోవాలని మర్నాటికి వాయిదా వేసుకున్నాడు. సాయంత్రం జైలరే ఆమెకు ఫోను చేశాడు. తొమ్మిది వందల తొమ్మిది జైలు నుంచి పారిపోయాడట, ఊరంతా గాలిస్తున్నారట. ఇంకేం భయపడకండి మేడమ్, వాడు ఏ కలుగులో దాక్కున్నా లాక్కొస్తాం అని ధైర్యం కూడా చెప్పాడు.

ఆ రాత్రి కొలబద్దకు లైటు ఆర్పినా నిద్ర పట్టలేదు. తెల్లారగానే ఆమెను వెంటబెట్టుకుని జైలరు గదికి వెళ్లాడు. తలుపు దగ్గరగా వేసి, తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ నంబరు ఖైదీ అసలు లేనే లేడనీ, ఫోను చేసింది తానేననీ, ఆఫీసు పనితీరు కొలవడానికే ఇదంతా చేశాననీ అన్నాడు.

ఆమె ఒక్కసారిగా కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"అయితే ఎవరికీ ఏమీ కాలేదన్నమాట. ఆఫీసును కొలవడానికొచ్చి నా ఆయుష్షు కొలిచారు కదండీ," అంది నవ్వుతూ.

మార్కులు నూటికి నూరనీ, మీ ఆఫీసును మూయించే మొనగాడు ఇంకా పుట్టలేదనీ కొలబద్ద చేతులు జోడించాడు. గుండెల మీద బరువు దిగినట్టయి తానూ నవ్వాడు.

జైలరు మాత్రం నవ్వలేదు.

"మరి నిన్నటి నుంచి పట్టుకొచ్చిన ముగ్గుర్నీ ఏం చెయ్యమంటారు సార్? తొమ్మిది వందల తొమ్మిది నేనేనని ముగ్గురూ ఒప్పుకున్నారు."