కుట్టని సరుకు

రంగనాయకులు శెట్టి కొండకు బయలుదేరినప్పుడు ఆయన చేతిలో ఉన్నవి ఒక కెమెరా, ఒక క్యారేజీ. అసలు తేనెటీగలు కనుమరుగయ్యాక మామిడి తోటలకు యంత్రపు తేనెటీగలు అమ్మి బతికిన మనిషి. ఇల్లాలు పోయాక ఆదివారాలు గడవక, పురుగుల ఫొటోలు తీసేవాళ్ల వెంట తిరుగుతున్నాడు.

"శెట్టిగారూ, ఇటు రండి! అసలైన అడవి తేనెటీగ!" అని ఆ గుంపులోని ఇందుమతి టీచరు గుసగుసగా పిలిచింది.

తోటల నుంచి దారి తప్పి వచ్చిన తన సరుకే అది. రెక్కల తళుకు చూడగానే పోల్చుకున్నాడు. చెబితే వాళ్ల సంబరం పోతుంది, దాంతోపాటు తన ఆదివారమూ పోతుంది.

"భలే పట్టారమ్మా!" అని, దూరంగా వెళ్లి కూర్చోబోతూ తంగేడు కొమ్మ పక్కకు నెట్టాడు. బొటనవేలు చురుక్కుమంది. నల్లటి చిన్న తేనెటీగ ఒకటి రివ్వున ఎగిరిపోయింది. ఆయన అమ్మినవి కుట్టవు. కుట్టే సరుకు ఎవరు కొంటారు?

"ఏమైందండీ, అలా అరిచారు?" అని టీచరు అడిగింది.

కుట్టిందంటే, తాము ఫొటోలు తీసినవి ఎందుకు కుట్టవని అడుగుతారు.

"ముల్లు గుచ్చుకుందిలెండి."

ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే ఫొటో ఒక్కటీ లేదు, చెప్పుకోవడానికి మనిషీ లేదు. అసలు తేనెటీగకు గుర్తుగా మిగిలిందల్లా వాచిన బొటనవేలు. తగ్గిపోతుందేమోనని దానికి మందు రాయలేదు.